బీరువా తలుపు పడనన్ని గుడ్డలు: ఇంట్లో కుట్టుకునేవాళ్లు పోగును లెక్కలో పెట్టుకోవడం ఎలా

మా ఇంట్లో మిషను ఒక్కటే. గుడ్డలు మాత్రం ఒక బీరువా, రెండు ట్రంకు పెట్టెలు, మంచం కింద ఒక పెద్ద అట్టపెట్టె నిండా ఉండేవి. విజయనగరంలో కుట్టుకునే ఆడవాళ్ల ఇళ్లు నేను చూసినంత వరకు అన్నీ ఇంచుమించు ఇంతే. అందులో సగం మనం కొన్నవి కూడా కావు. శ్రావణమాసం వచ్చిందంటే పేరంటానికి వెళ్లిన ప్రతి ఇంట్లో శనగలు, తాంబూలంతో పాటు ఒక జాకెట్టు ముక్క చేతిలో పెడతారు. గృహప్రవేశమన్నా సీమంతమన్నా ఇంకో ముక్క. వద్దనకూడదు కదా. మిగతా సగం గంటస్తంభం దగ్గర కట్‌పీసు కొట్ల ముందు నిలబడి, ఇంత చవగ్గా మళ్లీ దొరకదని మనకి మనమే చెప్పుకుని తెచ్చుకున్నవి.

ఒకరోజు మా అత్తయ్య బీరువా తలుపు వేయబోయారు. రెండుసార్లు మోకాలితో నెట్టినా పడలేదు. నా వైపు తిరిగి "ఏటే అమ్మా ఇది, కొట్టెడతావేటి?" అన్నారు. నవ్వేసి ఊరుకున్నాను. ఆ వారంలోనే మెరూన్ లైనింగ్ కావాల్సొచ్చి బజారుకెళ్లి మీటరు తెచ్చాను. రెండు రోజులకి ఇంకేదో వెతుకుతుంటే అదే రంగు లైనింగ్ మూడు ముక్కలు బయటపడ్డాయి. ఒక్కోటి మీటరు. ఒకదానికి కొట్టువాడు చుట్టిన రబ్బరు బ్యాండు కూడా తీయలేదు.

అప్పుడర్థమైంది. గుడ్డలు ఎక్కువున్నాయన్న బాధ తర్వాత, ముందు ఏ గుడ్డ ఎంతుందో నాకే తెలియదు. ఎన్ని మీటర్లు, పన్నా (గుడ్డ వెడల్పు) ఎంత, తడిపిందా తడపనిదా, ఈ మూడూ మడత విప్పకుండా చెప్పగలిగితే వంద ముక్కలున్నా ఇబ్బంది లేదు. చెప్పలేకపోతే పది ముక్కలున్నా లేనట్టే. కింద రాసిందంతా ఆ మూడు సంగతులు ప్రతి ముక్క మీదా ఉండేలా చేయడం కోసమే. నాకు రెండు వారాలు పట్టింది, రోజుకి గంట చొప్పున.

మొదట రోజు కుదుర్చుకోండి

వానాకాలంలో ఈ పని మొదలుపెట్టకండి. మన వైపు జూన్‌లో మొదలైన తేమ తుపాన్ల కాలం దాటేదాకా వదలదు. ఆ గాలిలో విప్పి మళ్లీ మడతపెట్టిన గుడ్డ తేమని కూడా కలిపి మడతపెట్టుకుంటుంది. సంక్రాంతి వెళ్లాక, మాఘమాసం ఎండల్లో అయితే బాగుంటుంది. పొడిగాలి, ఎండ మరీ మాడ్చదు, ఆరేసింది సాయంత్రానికి ఆరిపోతుంది.

సంక్రాంతి ముందే మొదలుపెట్టి, పనికిరానివి భోగిమంటలో వేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. పాలియస్టర్ ముక్కలు వేయొద్దు. కరిగి బొట్లు బొట్లుగా రాలతాయి, చుట్టూ పిల్లలుంటారు.

మొదటి రోజు చేయాల్సింది ఒక్కటే: అన్నీ ఒకచోటికి తేవడం. మిషను సొరుగులోవి, వంటింటి అటక మీదవి, "తర్వాత చూద్దాం" అని చీరల మధ్య దూర్చినవి, అన్నీ. మంచం మీద పాత దుప్పటి పరిచి దాని మీద పోయండి. మడతలు పెట్టకండి, సర్దకండి, లెక్క మాత్రం పెట్టండి. నా లెక్క 117 వచ్చింది, చిన్న పీలికలు కాకుండా. మా ఆయన గుమ్మంలోంచి చూసి ఏమీ అనకుండా వెనక్కి వెళ్లిపోయారు.

రంగుల వారీగా కాదు, పొడవు వారీగా విడదీయండి

అందరం చేసే పొరపాటు ఇక్కడే. రంగుల వారీగా పేర్చితే బీరువా చూడ్డానికి బాగుంటుంది, రెండు ఫోటోలు తీసుకుంటాం, అంతే. కుట్టడానికి కూర్చున్నప్పుడు మనకి మొదట వచ్చే ప్రశ్న "ఇది సరిపోతుందా?" అని. కాబట్టి కుప్పలు పొడవుని బట్టి వేయాలి.

కొలవడానికి టేపు పట్టుకుని ప్రతిసారీ వంగక్కర్లేదు. భోజనాల బల్ల అంచున ఒక చివర చిన్న సెలోటేపు ముక్క, అక్కడి నుంచి సరిగ్గా 100 సెంటీమీటర్ల దగ్గర ఇంకొకటి, మధ్యలో 50 దగ్గర పెన్నుతో గీత. గుడ్డని నేత అంచు వెంబడి ఆ రెండు గుర్తుల మధ్య జరుపుకుంటూ పోవడమే. లాగకూడదు, బల్ల మీద దాని మానాన దాన్ని పడుకోనివ్వాలి. క్రేపు, హోజరీ లాంటివి లాగితే పావు మీటరు ఎక్కువ చూపించి, కత్తిరించాక నిజం చెప్తాయి.

చివర వంకరగా కోసి ఉంటే పొట్టిగా ఉన్న వైపు కొలతే అసలు కొలత. రెండున్నర మీటర్లని చెప్పి కొన్న ముక్క ఒకటి నా బల్ల మీద 2.38 తేలింది. కొట్టువాడు కత్తెర ఏటవాలుగా నడిపాడు, నేను చూసుకోలేదు. ఇప్పుడు కొట్లోనే రెండు అంచులూ కలిపి చూస్తున్నాను.

పొడవుతో పాటు పన్నా తప్పనిసరి. మా వీధి చివర టైలరు బాబాయ్ ఒకసారి నన్ను ఆపి మరీ చెప్పారు, "పన్నా చెప్పకుండా మీటర్లు చెప్తే సగం కొలతేనమ్మా" అని. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి 36, 44, 58 అంగుళాల పన్నాలు. పాత పాప్లిన్లు, రూబియాలు 36 ఉంటాయి. కలంకారీ, కాటన్ ప్రింట్లు చాలావరకు 44. షర్టు, ప్యాంటు గుడ్డలు 58. చేనేత అయితే మగ్గాన్ని బట్టి మారుతుంది, కొలిచి తీరాలి. ఇంకో చిక్కు, పెద్దవాళ్లు ఇప్పటికీ గజాల్లో మాట్లాడతారు. గజం అంటే 36 అంగుళాలు, మీటరు అంటే 39 అంగుళాల పైన. మూడు గజాలు చాలన్న అత్తయ్య మాట విని మూడు మీటర్లు తెస్తే పావు మీటరు మిగిలిపోతుంది. పోగు పెరిగేది ఇలాగే.

కుప్పలు వేసేటప్పుడు నేను బల్ల మీద పెట్టుకున్న లెక్క ఇది. మధ్యస్థంగా ఉన్న ఒళ్లుకి, చిన్న చేతులకి:

- జాకెట్టు: 44 పన్నాలో 80 సెంటీమీటర్లు. మోచేతి దాకా చేతులైనా, 36 పన్నా అయినా మీటరు.
- చీర లోపలి లంగా: 36 పన్నా పాప్లిన్ రెండుంబావు మీటర్లు.
- కుర్తా: 44 పన్నా రెండున్నర మీటర్లు.
- నైటీ: 44 పన్నా దాదాపు 3 మీటర్లు.
- మగవాళ్ల షర్టు: 58 పన్నాలో 1.6 మీటర్లు, 44 అయితే రెండుంబావు.
- తలగడ గలీబుల జత: 44 పన్నా 1.65 మీటర్లు, లోపలికి మడిచే మూతతో సహా.

దీన్ని బట్టి ఐదు కుప్పలు: అర మీటరు లోపు, జాకెట్టు ముక్కలు, మీటరు నుంచి రెండు, రెండు నుంచి మూడు, ఆపైన. నా ఇంట్లో జాకెట్టు ముక్కల కుప్పే మిగతా నాలుగింటినీ కలిపినంత ఉంది. మీటరు నుంచి రెండు మీటర్ల కుప్ప అన్నిటికన్నా మొండిది. దేనికీ పూర్తిగా సరిపోవు, పారేయడానికి మనసు రాదు. నా కుప్పలో అలాంటిది ఒకటి ఆవపిండి రంగు కలంకారీ, 1.75 మీటర్లు. మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు ఫ్రాకు కోసం కొన్నాను. ఇవాళ కుడదాం, రేపు కుడదాం అనుకునేసరికి అది ఎనిమిదో తరగతికి వచ్చేసింది. పుస్తకంలో దాని నంబరు 14. దాని సంగతి మళ్లీ చెప్తాను.

ఏ నూలో తేల్చుకోవడం

కొన్నవాటికి కొన్నప్పటి మాట గుర్తుంటుంది. పేరంటాల్లో వచ్చినవాటికి అదీ ఉండదు. ముట్టుకుని చెప్పగలమనుకుంటాం గానీ ఇప్పటి పాలియస్టర్లు కాటన్‌ని మరిపించేలా వస్తున్నాయి. "ప్యూర్ కాటన్, నాదీ గ్యారంటీ" అని ఒక కొట్లో ఇచ్చిన గుడ్డతో మా అత్తయ్యకి మే నెలలో రెండు జాకెట్లు కుట్టాను. మధ్యాహ్నానికి ఆవిడ విసనకర్ర పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి నిప్పు పరీక్ష చేయకుండా ఏదీ లోపల పెట్టను.

అంచు నుంచి రెండు మూడు దారాలు లాగి పేనండి. నిలువు దారం ఒకసారి, అడ్డ దారం ఒకసారి విడివిడిగా, ఎందుకంటే రెండూ వేరు వేరు నూళ్లయిన గుడ్డలు బోలెడు. పట్టకారుతో పట్టుకుని, నీళ్లు పోసిన స్టీలు పళ్లెం మీద కాల్చండి. గుడ్డ ముక్కని కాల్చకండి, చున్నీ వేసుకుని చేయకండి, ఫ్యాను ఆపేయండి.

కాటన్ కాగితంలా మండుతుంది, కాగితం కాలిన వాసనే వస్తుంది. మంట ఆరినా నిప్పు కాసేపు పాకుతుంది. బూడిద వేలితో తాకితే పొడి అయిపోతుంది. పట్టు మంటకి ముడుచుకుపోతుంది, వెంట్రుక కాలిన వాసన, చివర నల్లగా ఉండ కట్టినా నలిపితే పొడవుతుంది. పాలియస్టర్ కరుగుతుంది, నల్ల పొగ వస్తుంది, చివర గట్టి పూసలా మిగులుతుంది, గోరుతో నొక్కినా నలగదు. కాగితం వాసనా వచ్చి గట్టి పూసా మిగిలిందంటే రెండూ కలిపి నేసిన గుడ్డ.

రేయాన్‌తోనే తికమక. అదీ కాటన్‌లాగే కాలుతుంది. దానికి వేరే పరీక్ష ఉంది. ఒక దారం తీసుకుని మధ్యలో మాత్రం తడి చేసి రెండు చివరలూ పట్టి లాగండి. రేయాన్ తడిస్తే బలం పోతుంది, తడి చేసిన చోటే తెగుతుంది. కాటన్ తడిలో ఇంకా గట్టిపడుతుంది, వేరే చోట తెగుతుంది. ఇదెందుకంటే రేయాన్ మొదటి ఉతుకులో కాటన్ కంటే ఎక్కువ దగ్గరపడుతుంది. తెలియక కుడితే కుర్తా టాప్ అయిపోతుంది.

తడిపి పెట్టుకోవడం

నా లెక్కలో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పని. బద్ధకించేదీ ఇక్కడే.

కాటన్ మొదటిసారి తడిసినప్పుడు సాధారణంగా నూటికి మూడు నుంచి ఐదు వంతులు దగ్గరపడుతుంది. రెండున్నర మీటర్ల ముక్కలో ఐదు వంతులంటే పన్నెండున్నర సెంటీమీటర్లు. జాకెట్టు పొట్టి చెయ్యి పొడవు పోయినట్టే. జాకెట్టు గుడ్డ పాలియస్టరూ, లోపలి లైనింగు తడపని కాటనూ అయితే ఇంకా దారుణం. పైగుడ్డ అలాగే ఉంటుంది, లోపలిది దగ్గరపడి కుట్టు పొడవునా లాగేస్తుంది. కుట్టిన రోజు అద్దంలో బ్రహ్మాండంగా ఉన్న జాకెట్టు మొదటి ఉతుకు తర్వాత అప్పడంలా ముడతలు తేలితే తప్పు కుట్టుది కాదు, లైనింగుది. లైనింగ్ ఎంత తొందరలో ఉన్నా తడపకుండా కత్తెర పెట్టకండి.

తడిపే ముందు కోసిన చివరలు పీకిపోకుండా చూసుకోవాలి. పీకో మిషనున్నవాళ్లు అడ్డంగా ఒక వరుస కొట్టేయండి. లేనివాళ్లకి సులువు, నాలుగు మూలలూ ఏటవాలుగా అంగుళం చొప్పున కత్తిరించేయడం. మూల లేకపోతే దారం పీకడం చాలా తగ్గుతుంది. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. మా ఇంట్లో మూల తెగి ఉందంటే ఆ గుడ్డ తడిసింది అని అర్థం. చీటీ ఊడిపోయినా ఆ గుర్తు ఊడదు.

కలంకారీ, నీలిమందు అద్దకాలు, ముదురు ఎరుపులు మొదట విడిగా తడపండి. తెల్ల బనీను ముక్క తడిపి గుడ్డ మీద గట్టిగా రుద్దితే రంగు వదిలేదేదో అక్కడే తెలుస్తుంది. వదిలేది ఒక్కదాన్నే మామూలు నీళ్లలో, నీళ్లు తేటపడేదాకా జాడించి నీడలో ఆరేయండి.

పేరంటం ముక్కల మీద పసుపు మరకలుంటాయి. సబ్బు పెట్టగానే ఆ మరక ఎర్రగా మారుతుంది. మొదటిసారి చూసి నా గుండె జారిపోయింది, కుంకుమ అంటిందేమో అనుకున్నాను. సబ్బులోని క్షారానికి పసుపు అలా ఎర్రబడుతుంది, అంతే. జాడించి ఎండలో మరక పైకి వచ్చేలా వేయండి. పసుపు రంగు ఎండకి నిలవదు, ఒకటి రెండు ఎండల్లో వెలిసిపోతుంది. ఈ ఒక్కదానికే ఎండ, మిగతా రంగుల గుడ్డలన్నీ నీడనే.

గంజి పెట్టకండి. మన పెద్దవాళ్లకి కాటన్ అంటే గంజి ఉండాలి. కట్టుకునే చీరకి పెట్టుకోండి, దాచే గుడ్డకి వద్దు. బొద్దింకలకీ, పాత పుస్తకాల్లో జరజరా పాకే ఆ వెండి రంగు పురుగుకీ గంజి మహా ఇష్టం. కొత్త జాకెట్టు ముక్కలకి కొట్టులోనే గంజి పట్టించి ఉంటుంది కాబట్టి వాటిని తడిపితే ఆ బెడదా పోతుంది.

పట్టు, జరీ, వెల్వెట్, బ్రొకేడ్ తడపొద్దు. కాలరుకి పెట్టే అంటించే క్యాన్వాసూ అంతే.

చీటీ, పుస్తకం

ఆరిన గుడ్డని ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. తడిపాక వచ్చిన కొలతే రాసుకోవాలి. నా కలంకారీ 1.75 ఉండాల్సింది 1.68కి వచ్చింది.

చీటీ మీద రాయాల్సినవి నంబరు, పొడవు, పన్నా, నూలు, తడిపిన నెల, ఎందుకు కొన్నానో ఒక మాట. చివరిది అనవసరం అనిపిస్తుంది గానీ "పెద్దమ్మాయి కుర్తాకి" అని రాసి ఉన్న గుడ్డ మీద చేయి వేయడానికి మనకే మొహమాటం వేస్తుంది. ఏమీ రాయలేకపోతే ఆ గుడ్డ ఎందుకు కొన్నామో మనకే తెలియదన్నమాట. అలాంటివి నావి 117లో 40 దాటాయి.

చీటీని గుండుసూదితో గుచ్చకండి, స్టేపుల్ కొట్టకండి. సముద్రపు గాలికి ఆరు నెలల్లో తుప్పు పడుతుంది. ఇనుప మరక గుడ్డకి పడితే మామూలు ఉతుకుకి వదలదు. మందపాటి కాగితానికి చిల్లు పెట్టి, తెల్ల దారంతో నేత అంచుకి ఒక్క కుట్టు వేసి ముడేయండి చాలు.

పుస్తకానికి పాత డైరీ ఒకటి సరిపోతుంది. ప్రతి నంబరుకీ అగ్గిపెట్టెంత ముక్క కత్తిరించి అంటించి పక్కన చీటీలోని వివరాలే రాయండి. అంటించడానికి జిగురు చుక్క చాలు, అన్నం మెతుకు వద్దు, ఆ పురుగు మళ్లీ వస్తుంది. ఈ పని అయ్యాక పేజీలకి ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోండి. కొట్లో లైనింగ్ కొనేటప్పుడు ఫోటోలో రంగు నమ్మకూడదు గానీ, ఉందో లేదో తెలియడానికి ఫోటో చాలు. రంగు కలపాలంటే డైరీయే పట్టుకెళ్లండి. ట్యూబులైటు కింద కాకుండా కొట్టు గుమ్మంలోకి వచ్చి పగటి వెలుతురులో చూడండి. ఎంత విసుక్కున్నా చూడనిస్తారు.

పేర్చడం

ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగుదాని కోసం పైనున్న ఇరవై కదపాలి. పుస్తకాల్లా నిలబెట్టండి. కొత్త షర్టుల్లో వచ్చే అట్ట దాచి ఉంచుకుని, దాని చుట్టూ గుడ్డ చుట్టి, చీటీ పైకి కనిపించేలా అరలో వరసగా నిలబెడితే ఒకటి లాగినా పక్కవి పడవు. అట్ట నేరుగా తెల్లగుడ్డకి తగిలితే కొన్నాళ్లకి పసుపు చాయ వస్తుంది, మధ్యలో పాత పంచె ముక్క వేయండి.

పట్టూ కాటనూ ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. మన తేమకి లోపల చెమ్మ పట్టి ముక్కిపోయిన వాసన, తర్వాత బూజు మచ్చలు. పాత కాటన్ చీర చింపి సంచులు కుట్టుకోండి, మీటరు నుంచి రెండు మీటర్ల మొండి కుప్పలోని కాటన్లకి కూడా అది మంచి ఉపయోగం. పట్టు ముక్కల్ని మూడు నెలలకోసారి మడత మార్చాలి, లేకపోతే ఒకే మడత మీద జరీ విరిగిపోతుంది.

కలరా ఉండలు అందరూ వేస్తారు. వేసే పద్ధతే తప్పు. గుడ్డల మధ్య విసిరేయకుండా చిన్న గుడ్డమూటలో కట్టి పై అరలో పెట్టండి. ఆ ఆవిరి గాలి కంటే బరువు, పైనుంచి కిందికి దిగుతుంది. జరీకి తగలనీయకండి. చంటిపిల్లల గుడ్డల దగ్గర, వాళ్ల కోసం దాచిన ముక్కల దగ్గర అసలు వద్దు. జి6పీడీ అనే ఎంజైము ఒంట్లో తక్కువగా ఉండి పుట్టే పిల్లలుంటారు, కలరా ఉండల వాసన పట్టిన బట్టలు వేస్తే వాళ్లకి ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఉండని బిళ్లనుకుని నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్నా అంతే. అక్కడ నీడన ఎండబెట్టిన వేపాకు చాలు, రెండు నెలలకోసారి మార్చాలి.

బీరువాని గోడకి ఆనించకండి. నాలుగు వేళ్ల సందు ఉంటే గోడ చెమ్మ లోపలికి రాదు, చెక్కదైతే చెదలు పట్టినా కంటపడుతుంది.

కింది అర సంగతి నాకు 2014 అక్టోబరు 12న తెలిసింది. హుద్‌హుద్ తుపాను రోజు. కిటికీ రెక్క ఊడి నీళ్లు గదిలోకి వచ్చాయి, మేం వంటగదిలో తలుపేసుకుని కూర్చున్నాం. గాలి తగ్గాక చూస్తే బీరువా కింది అర నిండా నీళ్లు. కరెంటు లేదు, టార్చి వెలుగులో చూస్తే తెల్ల మల్లు గుడ్డ మొత్తం ఎర్రగా ఉంది, పక్కనున్న బాందనీ రంగు దిగిపోయింది. ఆ మర్నాడు కూడా తడివన్నీ ఒకే బక్కెట్లో వదిలేసి ఇంటి పని చూసుకున్నాను, అదే అసలు తప్పు. తడిసిన గుడ్డలు ఉన్నపళంగా రంగు రంగు విడదీసి, విడివిడిగా జాడించి, ఇంట్లోనైనా తాడు కట్టి ఆరేయాలి. ఆలస్యమైతే రంగు పక్కదానికి పట్టేస్తుంది, మూడో రోజుకి బూజు మొదలవుతుంది. ఇప్పుడు నా కింది అరలో పాలియస్టర్లు, లైనింగులు, అవీ ముదురువి ముదురువాటితో. తెల్లవీ, చేనేతవీ పై అరల్లో. శ్రీకాకుళం వైపు తిత్లీ తుపాను చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

కత్తెర పెట్టడానికి భయపడే గుడ్డ

ప్రతి పోగులోనూ ఒకటుంటుంది. నాది పొందూరు ఖాదీ, మూడు మీటర్లు, మీగడ రంగు. పొందూరు మన పక్కనే, శ్రీకాకుళం జిల్లాలో. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డ. ఎముక మీది ఆ సన్నటి పళ్లతో ఏకినప్పుడే పత్తిలోని నలుసు పోయి దారం అంత సన్నగా వస్తుంది. అంత పని జరిగిన గుడ్డకి నా చేత్తో మెడ తప్పు కోస్తే? అని నాలుగేళ్లు అలాగే ఉంచాను.

దీనికి మందు, ముందు పాత గుడ్డలో కుట్టి చూడటం. పలచటి కాటన్ చీర ఒకటి బలిచేసి అదే కొలతలతో ముతక కుట్లు వేసి తొడుక్కోండి. భుజం జారితే, చంక పట్టేస్తే చీర మీదే దిద్దండి. ఆ దిద్దిన ముక్కల్నే విప్పి అసలు గుడ్డ మీద పరిస్తే అవే కటింగు నమూనాలు. ఇలా చేశాక కూడా చేయి ఆడకపోతే ఆ గుడ్డని కుట్టు పోగులోంచి తీసి చీరల పక్కన పెట్టేయండి. అది దాచుకునే గుడ్డ, కుట్టుకునే గుడ్డ కాదు. పుస్తకంలో నంబరు కొట్టేయండి. తప్పేం లేదు.

పీలికలు

అరచేయి కంటే చిన్నవి దిండులో కూరడానికి ఒక సంచిలో. అంతకంటే పెద్దవి రెండు రకాలు చేయండి, పైపింగుకి పనికొచ్చేవి, రానివి. పైపింగు ఏటవాలుగా కోసిన పట్టీ కాబట్టి చిన్న చతురస్రంలోంచి కూడా ఆశ్చర్యపోయేంత వస్తుంది. లెక్క సులువు: పొడవుని వెడల్పుతో గుణించి పట్టీ వెడల్పుతో భాగించడమే. 18 అంగుళాల చతురస్రం అంటే 324, ఒకటిన్నర అంగుళాల పట్టీకి 216 అంగుళాలు. దాదాపు అయిదున్నర మీటర్లు, అతుకులకి కొంచెం పోయినా రెండు జాకెట్లకి మెడ, చేతులు వచ్చేస్తాయి. కాబట్టి పోచంపల్లి ఇక్కత్ లాంటి అందమైన ముక్క ఎంత చిన్నదైనా పీలికల సంచిలో వేయకండి.

మిగతావి బొంతకి. మా అత్తయ్య చేతి బొంత ఒకటి ఇంకా వాడుతున్నాం. లోపల పాత చీరలు, పైన పీలికలు, పెద్ద సూదితో దూరం దూరంగా కుట్లు. ఆవిడ ఒక్క మాటే చెప్పారు, కాటనూ పాలియస్టరూ కలపొద్దని. ఉతికితే ఒకటి దగ్గరపడి ఇంకోటి అలాగే ఉండి బొంత ఉండలు కడుతుంది.

కొనే ముందు

ఇకపై కొనొద్దని చెప్పను. నేనే ఆగలేను. నా షరతు ఒకటే: కొట్లో నిలబడి చీటీ మీద చివరి గడి మనసులో నింపగలగాలి. ఎవరికి, ఏమిటి, ఎంత. "ఏదో ఒకటి కుట్టొచ్చు" అన్నది జవాబు కాదు. కిలోల లెక్కన అమ్మే కట్‌పీసుల దగ్గర ఈ షరతు మరీ గట్టిగా పాటించండి, అక్కడ పన్నా చూడకుండా తూకం చూసి మోసపోతాం.

పేరంటంలో వచ్చే ముక్కలకి ఈ షరతు పనిచేయదు. వాటిని ఇంటికి రాగానే మూడుగా విడదీస్తున్నాను. నేను కుట్టుకునేవి వెంటనే తడుపుతాను. మళ్లీ పేరంటంలో ఇవ్వగలిగేవి తడపకుండా, ఎవరిచ్చారో చీటీ మీద రాసి విడిగా పెడతాను. ఆ పేరు రాయకపోతే ఏమవుతుందో మా పిన్నిగారింట్లో జరిగింది. ఆవిడ ఇచ్చిన ముక్కే ఏడాది తిరక్కుండా ఆవిడకే ఇచ్చాను. ఆవిడ విప్పి చూసి "రంగు బాగుందమ్మా" అని మాత్రం అన్నారు. మూడోరకం, రెండూ కానివి, కుట్టు నేర్చుకుంటున్న మా వీధి ఆడపిల్లలకి. కత్తెర ధైర్యంగా ఆడాలంటే వాళ్లకి పోయినా ఫరవాలేని గుడ్డ కావాలి.

ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతి తర్వాత ఒకసారి, వానలు మొదలవకముందు మే చివర ఒకసారి, పుస్తకం పట్టుకుని బీరువా ముందు కూర్చోండి. ఏడాదిగా కదలని నంబర్ల పక్కన చుక్క పెట్టడం. వరసగా మూడు చుక్కలు పడ్డవాటిని ఈసారి కుట్టడమో, ఇచ్చేయడమో.

14వ నంబరుకి మూడో చుక్క మొన్న మేలో పడింది. 1.68లో ఎనిమిదో తరగతి పిల్లకి చేతులతో కుర్తా రాదు. 62 నంబరులో నల్ల కాటన్ మీటరుంది, 44 పన్నా, తడిపింది. చేతులూ, మెడ పట్టీ, కింద ఆరంగుళాల అంచూ నల్లదానిలో కోశాను, ఒళ్లంతా కలంకారీ. ఆదివారం తొడుక్కుని అద్దం ముందు తిరిగి "ఇది కొత్తదా అమ్మా?" అంది. అవునన్నాను. నల్లది 35 సెంటీమీటర్లు మిగిలింది, చీటీ మార్చి రాసి పైపింగు సంచిలో పెట్టాను.